'వలెను', 'వచ్చును', 'అయితే' - చట్టంలోని చిన్న మాటలు

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. తరగతికి రాలేకపోయిన వాళ్ళు అడిగినందున పూర్తిగా ఇస్తున్నాం. - సం.)



నన్ను చట్టం గురించి మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాదు, బడిపంతుల్ని. లాయరు మాట్లాడితే కేసు చెబుతాడు. పంతులు మాట్లాడితే అక్షరాలు చెబుతాడు. ఈ పూట నేను చెప్పేది చట్టం అక్షరాలు.

మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. కరణాలున్న రోజుల్లో మా నాయన చేతికి కాయితం వస్తే కరణం ఇంటి ముందు అరుగు కింద నిలబడి చదివించుకునేవాడు. కరణం ఏం చదివితే అదే అందులో ఉన్నట్టు. ఇప్పుడు కరణం లేడు. మన పిల్లలు డిగ్రీలు చదివారు. కాని చట్టం దగ్గరికి వచ్చేసరికి మనం ఇంకా ఆ అరుగు కిందే నిలబడి ఉన్నాం. స్టేషన్లో రైటరు "ఈ సెక్షన్ మీకు వర్తించదు పోండి" అంటే తిరిగొస్తున్నాం. ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా "రూలు ఒప్పుకోదు" అంటే తిరిగొస్తున్నాం. ఏ రూలు? ఎన్నో నంబరు? అందులో ఏ మాట ఒప్పుకోదు? అని అడిగినవాడు మనలో ఎంతమంది?

చట్టమంటే లావుపాటి పుస్తకం అని భయపడతాం. అందులో మన తలరాతను మార్చేవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. "వలెను", "వచ్చును", "అయితే", "ఏమి ఉన్నప్పటికినీ", "తెలిసి". ఈ చిన్న మాటలు చదవగలిగినవాడి చేతిలోనే చట్టం ఉంటుంది. అందుకని మనకు అందరికంటే ఎక్కువ అక్కరకు వచ్చే ఒక్క చట్టాన్ని, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని ముందు పెట్టుకుని ఈ మాటలు నేర్చుకుందాం.

ఏది చెరువు, ఏది కాలువ

చాలా ఊళ్ళల్లో నీరుగంటి పని చేసింది మన తాతలే. కాబట్టి ఆ లెక్కలో చెబుతా. రాజ్యాంగం చెరువు లాంటిది. చట్టం తూము. రూల్స్ కాలువ. జీవో పిల్లకాలువ. మెమో, సర్క్యులర్ అనేవి మడికి పెట్టే గండి లాంటివి. నీళ్ళు పైనుంచి కిందికే పారతాయి.

మన చెరువు ఏది? రాజ్యాంగం 17వ అధికరణం. అంటరానితనం రద్దయింది, దాన్ని ఏ రూపంలో పాటించినా నేరం అని అది చెబుతుంది. కాని శిక్ష ఎంతో అందులో లేదు. శిక్ష పెట్టడానికి పార్లమెంటు 1955లో ఒక చట్టం చేసింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. అది చాలలేదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి చంపారు. దేశంలో ఇంకా ఎన్నో చోట్ల అట్టాంటివే జరిగాయి. ఊరూరా దళితులు లేచి నిలబడ్డాకే 1989 చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1995లో రూల్స్ వచ్చాయి. రూల్స్ కింద ప్రభుత్వాలు జీవోలు ఇస్తుంటాయి.

ఈ వరస ఎందుకు గుర్తుండాలంటే, చట్టం ఇచ్చినదాన్ని రూలు తీసెయ్యలేదు. రూలు ఇచ్చినదాన్ని సర్క్యులర్ తీసెయ్యలేదు. "పై ఆఫీసరు ఫోన్లో చెప్పాడు" అనే మాట ఈ వరసలో ఎక్కడా లేదు. అది తూము దగ్గర కూర్చున్నవాడు నీళ్ళు ఆపడం, అంతే. ఎవరైనా "ఒప్పుకోదు" అంటే మన మొదటి ప్రశ్న ఇది: "అయ్యా, మీరు చెప్పేది చట్టమా, రూలా, జీవోనా, మెమోనా? నంబరు, తేదీ రాసివ్వండి." సగం మంది అక్కడే మెత్తబడతారు.

తేదీలో ఉంది తిరకాసు

చట్టం పాసవడం వేరు, అమల్లోకి రావడం వేరు. మన చట్టానికి రాష్ట్రపతి సంతకం 1989 సెప్టెంబరు 11న పడింది. అమల్లోకి వచ్చింది 1990 జనవరి 30న. మధ్యలో నాలుగున్నర నెలలు చట్టం ఉంది గాని లేదు. ఇంక రూల్స్ వచ్చింది 1995 మార్చి 31న. అంటే తూము కట్టిన అయిదేళ్ళకు గాని కాలువ తవ్వలేదు.

ఆర్డినెన్స్ అనే మాట కూడా ఇక్కడే తెలుసుకోవాలి. పార్లమెంటు కూర్చోని సమయంలో ప్రభుత్వం రాష్ట్రపతి చేత ఇప్పించే తాత్కాలిక చట్టం అది. 2014 మార్చిలో మన చట్టాన్ని గట్టిపరుస్తూ ఆర్డినెన్స్ ఇచ్చారు. గడువులోపల పార్లమెంటు దాన్ని పాస్ చెయ్యలేదు కాబట్టి అది చచ్చిపోయింది. మళ్ళీ బిల్లు పెట్టి 2015లో రెండు సభల్లో పాస్ చేశారు. ఆ సవరణ అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న.

ఈ తేదీల వల్ల మనకేంటి అనుకోవద్దు. ఒక ఉదాహరణ చెబుతా. ఈ చట్టంలో 3(2)(5) అనే క్లాజు ఉంది. పదేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరాన్ని ఎస్సీ ఎస్టీ మీద చేస్తే యావజ్జీవం అని దాని సారం. పాత చట్టంలో ఆ నేరం బాధితులు ఎస్సీ ఎస్టీ "అనే కారణంగా" చేసి ఉండాలి అని ఉండేది. 2016 నుంచి ఆ మాట తీసేసి, ఎస్సీ ఎస్టీ అని "తెలిసి" చేస్తే చాలు అని పెట్టారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో పుట్టుకతోనే చూపులేని ఒక ఎస్సీ యువతి మీద అత్యాచారం జరిగింది. వాడు ఆ ఇంటికి తెలిసినవాడే. కింది కోర్టు, హైకోర్టు రెండూ శిక్ష వేశాయి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. అత్యాచార నేరానికి యావజ్జీవం నిలబడింది. మన చట్టం కింద వేసిన శిక్ష మాత్రం నిలబడలేదు. ఎందుకని? నేరం జరిగింది 2011లో. అప్పటికి చట్టంలో ఉన్న మాట "కారణంగా". ఆమె కులం కారణంగానే చేశాడని విడిగా సాక్ష్యం పెట్టలేదు. "తెలిసి" అనే మాట అప్పటికి రాలేదు. నేరం జరిగిన రోజు ఏ మాట ఉందో ఆ మాట ప్రకారమే శిక్ష అని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. సవరణ ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవదు.

చూశారా, ఒక్క మాట! ఆ మాట మార్పించడానికి పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ మాట మన చేతిలో ఉంది. దానికి తోడు 8వ సెక్షన్‌లో ఇంకో బలం చేర్చారు. నిందితుడికి బాధితులతో గాని, వాళ్ళ కుటుంబంతో గాని పరిచయం ఉంటే, వాడికి కులం తెలుసుననే కోర్టు అనుకోవలెను. తెలియదని రుజువు చేసుకోవలసింది వాడు. ఊళ్ళో మన కులం తెలియని భూస్వామి ఎవడున్నాడు? కాని ఆ పరిచయం సంగతి మన అర్జీలో రాసి ఉండాలి. "మా నాయన వాళ్ళ పొలంలో పదేళ్ళు పాలేరు" అని రాయకపోతే కోర్టుకు ఎట్టా తెలుస్తుంది?

'వలెను' - 'వచ్చును'

చట్టంలో "చేయవచ్చును" అంటే ఆఫీసరు ఇష్టం. "చేయవలెను" అంటే విధి. చెయ్యకపోతే తప్పు. ఎక్కడ "వలెను" ఉందో అక్కడ గీత గీసి పెట్టుకోండి.

మన రూల్స్‌లో 5వది చూడండి. బాధితుడు నోటితో చెబితే స్టేషన్ ఆఫీసరు దాన్ని రాసుకోవలెను. రాసింది చదివి వినిపించవలెను. సంతకం గాని వేలిముద్ర గాని తీసుకుని, నకలు వెంటనే ఉచితంగా ఇవ్వవలెను. నాలుగు పనులు, నాలుగూ "వలెను"లే. "రాసుకుని రాపో" అని మనల్ని బయట టీకొట్టు దగ్గరికి పంపే అధికారం ఎవరికీ లేదు. కేసు తీసుకోకపోతే ఏం చెయ్యాలో కూడా అదే రూలు చెబుతుంది. అదే విషయం రాసి ఎస్పీకి పోస్టులో పంపండి. పోస్టు రసీదు భద్రంగా దాచండి. ఆ రసీదే రేపు మన సాక్షి.

4వ సెక్షన్ ప్రకారం పోలీసు అరవై రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వెయ్యవలెను. ఆలస్యమైతే కారణం రాసి చెప్పవలెను. 15ఎ సెక్షన్ ప్రకారం కేసులో ఏ వాయిదా జరిగినా, బెయిలు దరఖాస్తు వచ్చినా సరే, బాధితుడికి ముందుగా కబురు అందవలెను. మన మాట కోర్టు వినవలెను. ఇది మొక్కుబడి కాదు, తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. మరి మనలో ఎందరికి "వాడికి బెయిలొచ్చింది" అనే సంగతి, వాడు వాడ ముందు టపాసులు కాల్చినప్పుడు తెలుస్తోంది?

రూలు 12 కింద కలెక్టరు సహాయం ఇవ్వవలెను. 2016లో మార్చిన రూల్స్ ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా. కొంత ఎఫ్‌ఐఆర్ దశలో, కొంత చార్జిషీటు దశలో, ఇంకొన్ని నేరాల్లో కొంత శిక్ష పడ్డాక. ఇది ఎవరి దయా కాదు. ఈ డబ్బు చూపించి "తీసుకున్నారు గదా, ఇంక రాజీ పడండి" అనే పెద్దమనుషులు వస్తారు. రూలులో రాజీ అనే మాట ఎక్కడా లేదని వాళ్ళకు చెప్పండి.

'అయితే' అనే మాట దగ్గర ఆగండి

చట్టంలో ఒక సెక్షన్ చదువుతాం. బాగుందనిపిస్తుంది. కింద "అయితే" అని మొదలవుతుంది. లాయర్లు దాన్ని ప్రొవిజో అంటారు. కుడిచేత్తో పెట్టింది ఎడంచేత్తో తీసుకునేది అక్కడే.

ఇందాక చెప్పిన 4వ సెక్షనే చూడండి. ఎస్సీ ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ చట్టం కింద తన విధులను కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు. చదివితే గుండె నిండిపోతుంది. కింద చూస్తే "అయితే" ఉంది. శాఖాపరమైన విచారణ జరిగి, ఆ విచారణ సిఫారసు చేస్తేనే ఆ ఉద్యోగి మీద అభియోగం పెట్టాలి. ఆ విచారణ చేసేది ఎవరు? ఆ ప్రభుత్వమే. అందుకని నిర్లక్ష్యం చేసిన ఆఫీసరు మీద ఊరికే కేకలేసి లాభం లేదు. ఏ తేదీన పోయాం, ఎవరిని కలిశాం, ఏమన్నారు, అన్నీ రాసి విచారణ జరిపించమని కలెక్టరుకు, ఎస్పీకి విడిగా అర్జీ పెట్టాలి. రూలు 17 ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవలెను. ఆ సమావేశం ఎప్పుడు జరిగింది, అందులో మన అర్జీ పెట్టారా అని అడగడం కార్యకర్తల పని.

'ఏమి ఉన్నప్పటికినీ'

రెండు చట్టాలు కొట్టుకుంటే ఏది గెలుస్తుంది? ఏ చట్టంలో "వేరే చట్టంలో ఏమి ఉన్నప్పటికినీ" అనే మాట ఉందో అది. మన చట్టంలో 20వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. వేరే ఏ చట్టంలో విరుద్ధంగా ఉన్నా, ఏ ఆచారంలో ఉన్నా, ఏ వాడుకలో ఉన్నా ఈ చట్టానిదే పైచేయి. "మా ఊళ్ళో తాతలనాటి నుంచి ఇంతే" అనేవాడికి చట్టం రాసిపెట్టిన జవాబు అది.

ఈ మాట ఎంత విలువైందో 2018లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మార్చి 20న సుప్రీంకోర్టు ఒక తీర్పులో కొత్త షరతులు పెట్టింది. డీఎస్పీ ముందు విచారించాక గాని కేసు కట్టకూడదు, పై అనుమతి లేకుండా అరెస్టు చెయ్యకూడదు అని. చట్టంలో లేని తలుపులు తీర్పుతో బిగించారు. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఆ రోజు మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు 18ఎ అనే సెక్షన్ చేర్చింది. ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అవసరం లేదు. అరెస్టుకు పైవాళ్ళ అనుమతి అవసరం లేదు. ఏ కోర్టు తీర్పు ఏమి చెప్పినప్పటికినీ ముందస్తు బెయిలు వర్తించదు. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన షరతులను తానే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న 18ఎ చెల్లుతుందని చెప్పింది.

ఇప్పుడు కొత్త సాకు వచ్చింది. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్పీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. కొత్త సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేయవచ్చును అని ఉంది. గమనించండి, "వచ్చును". దాన్ని చూపించి మన కేసును పద్నాలుగు రోజులు నానబెడతామంటే మన జవాబు ఏంటి? మా చట్టంలో 18ఎ ఉంది, పైన 20వ సెక్షన్ ఉంది. ఈ రెండు నంబర్లు పాఠంలా కంఠతా పట్టండి.

ఇంకొకడు "మీ చట్టంలో 438 అని ఉంది, ఆ 438 ఇప్పుడు లేదు గదా" అంటాడు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్ దీనికి జవాబు. పాత చట్టం రద్దయి దాని చోట కొత్తది వస్తే, పాత నంబరు ఉన్న చోట కొత్త నంబరు చదువుకోవలెను. 438 చోట కొత్తది 482. ఇల్లు మారినంత మాత్రాన అప్పు తీరిపోతుందా?

మన అర్జీలో మన మాటలు

2020 తీర్పు మనకు గెలుపే. కాని అందులోనూ ఒక "అయితే" ఉంది. ఫిర్యాదు చదివితే పైకే నేరం కనబడని చోట ముందస్తు బెయిలుకు ఈ అడ్డు ఉండదని కోర్టు చెప్పింది. దాని అర్థం ఏంటి? మన అర్జీలో రాసిన మాటల మీదే అంతా నిలబడుతుంది. కాబట్టి ఏం రాయాలో చూద్దాం.

కులం పేరుతో తిట్టిన కేసులు ఇప్పుడు 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద వస్తాయి. "ప్రజల కంటపడే చోట" అనే మాట అందులో కీలకం. ప్రజల కంటపడే చోటంటే రోడ్డూ బజారే కానక్కర లేదు. ఇంటి ఆవరణలోనే అయినా రోడ్డు మీద నుంచి కనబడితే చాలునని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగ్గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్నది మాత్రం ఈ సెక్షన్ కిందికి రాదని 2020 నవంబరులో చెప్పింది. కనుక ఎక్కడ తిట్టాడో, అక్కడ మన చుట్టాలు కాక ఇంకెవరు ఉన్నారో, ఎవరు విన్నారో పేర్లతో రాయాలి.

"కులం పేరుతో దూషించినాడు" అని రాసి ఊరుకుంటాం. చాలదు. వాడు ఏ మాట అన్నాడో ఆ మాటే రాయాలి. ఆ మాట రాయడానికి మన చెయ్యి వణుకుతుంది, నాకు తెలుసు. మన ఆడబిడ్డలకు మరీ కష్టం. కాని సిగ్గు అన్నవాడిది, పడ్డవాళ్ళది కాదు.

చట్టం "ఎస్సీ ఎస్టీ కాని వ్యక్తి" అని మొదలవుతుంది. అందుకని తిట్టినవాడి కులం కూడా రాయాలి. మన కుల ధృవీకరణ పత్రం జత చెయ్యాలి. ఎస్సీ అంటే ఎవరనేది ఈ చట్టం చెప్పదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. అందులో మొదట ప్రధానంగా హిందువులే ఉండేవాళ్ళు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసును ఆ కారణం మీదే కొట్టేసింది. చర్చికి పోయినంత మాత్రాన ఊరు మనల్ని పల్లె దాటనిచ్చిందా? ఇవ్వలేదు. అది చట్టంలో మార్పించుకోవలసిన మాట, దానికోసం పోరాడాలి. కాని ఈ రోజు ఉన్న మాట తెలియకుండా కేసుకు పోతే నష్టపోయేది మనమే.

ఇంకొక్క మాట గట్టిగా చెబుతా. జరగనిది రాయొద్దు. లేని సాక్షిని తేవొద్దు. కోపంలో ఇద్దరు కొడితే పదిమంది పేర్లు రాస్తాం. ఆ ఎనిమిది మందిని చూపించే ఆ ఇద్దర్ని విడిపించుకుంటారు. నిజమే మన బలం. దాన్ని పూర్తిగా, వరసగా, తేదీ వేళలతో రాయడమే మన పని.

ముగింపు

"ఇవన్నీ తెలిసినా కోర్టుల్లో ఓడిపోతున్నాం గదా" అని మీరు అడగొచ్చు. నిజం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళను నరికి చంపారు. కోర్టు మన ఊరికే రావాలని పోరాడి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చట్టం తనంతట తాను న్యాయం చెయ్యదు. అది నేనూ ఒప్పుకుంటా.

కాని ఈ చట్టంలో మనకు పనికొచ్చే ప్రతి మాట వెనక ఒక ఊరు ఉంది, ఒక ఊరేగింపు ఉంది. "కారణంగా" పోయి "తెలిసి" వచ్చింది ఉద్యమం వల్ల. 18ఎ వచ్చింది ఏప్రిల్ 2 వల్ల. మనవాళ్ళు ప్రాణాలిచ్చి రాయించిన మాటల్ని మనమే చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

అందుకని ప్రతి పల్లెలో ఒక పని చెయ్యండి. పదో తరగతి దాటిన ఇద్దరు పిల్లల్ని, ఒక ఆడపిల్లని, ఒక మగపిల్లవాణ్ణి ఎంచుకోండి. చట్టం తెలుగు ప్రతి ఒకటి, రూల్స్ ప్రతి ఒకటి సంపాదించి వాళ్ళ చేతిలో పెట్టండి. నెలకొకసారి అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చుని ఒక్క సెక్షన్, ఒకే ఒక్క సెక్షన్, పెద్దగా చదివించండి. "వలెను" ఎక్కడుంది, "వచ్చును" ఎక్కడుంది, "అయితే" ఎక్కడుంది అని పెద్దవాళ్ళు అడగాలి, పిల్లలు చూపించాలి. చదువు రాని మన అమ్మలకు ఇవన్నీ అర్థం కావని ఎవరూ అనుకోవద్దు. కూలి లెక్కలో అణా తేడా వస్తే పట్టుకునే మనుషులు వాళ్ళు. ఒక్క మాట తేడాను పట్టుకోలేరా?

సెలవు. జై భీమ్.